విత్తనపు పొట్టేలు ఎంపిక: రక్తం రకం అడగాలా, కంటి రెప్ప తిప్పాలా?

ఒడిశాలో పర్లాకిమిడి చుట్టుపక్కల, కాశీనగరం నుంచి గుణుపురం దాకా, ఇటు ఇచ్ఛాపురం దాటాక చికిటి, దిగపహండి వైపు మందలున్న మన తెలుగువాళ్లు ఈ మధ్య నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది. "రక్తం పరీక్ష చేయించిన పొట్టేలట. 'ఏ' టైపు రక్తమట, నట్టలు పట్టవట. మామూలు పొట్టేలు కంటే ధర బాగా ఎక్కువ చెబుతున్నాడు. కొనమంటారా?" నట్టలంటే జీవం కడుపులో చేరే పురుగులు.

నేను పశువైద్యుణ్ని కాను. చాలా ఏళ్లు ఒక ల్యాబ్‌లో రక్తం నమూనాలతో పనిచేశాను. ఇప్పుడు వంశధార ఒడ్డున మా ఊళ్లో నలభై గొర్రెలు, ఓ పదిహేను గంజాం మేకలు పెంచుకుంటున్నాను. జెల్ మీద గీతలు చదివాను, దొడ్లో రెప్పలూ తిప్పుతున్నాను కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పగలననే ధైర్యంతో రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక జీవాన్ని కొనేటప్పుడు చూడాల్సినవి కన్ను, దవడ, పెంటికలు, దాని తల్లి ఈతల లెక్క. రక్తంలోని ప్రొటీన్ రకం (అమ్మేవాడు 'ఏ' టైపు అంటున్నది అదే) మంద మొత్తానికి, అదీ రెండు మూడు తరాల ముందుచూపుతో తీసుకునే నిర్ణయానికి పనికొచ్చే సంగతి. మొదటివి చూడకుండా రెండోదానికి డబ్బు పెట్టొద్దని గట్టిగా చెబుతాను. అలాగని అదంతా ఉత్త కబురని కొట్టిపారేయకండి. దాని వెనక డెబ్భై ఏళ్ల పని ఉంది. అది ఎంతవరకు చెబుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలిస్తే బేరంలో ఎవరూ మనల్ని మాయ చెయ్యలేరు.

జెల్ మీద గీత అంటే ఏమిటి

మన జిల్లాల్లో ఇది వివరించడం సులువు. రాయగడ, కోరాపుట్ వైపు సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు మాట వినని ఊరుండదు. 2023లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక 'ఏఎస్', 'ఎస్ఎస్' అన్న అక్షరాలు ఇళ్లలో మామూలు మాటలైపోయాయి. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన తోటివాళ్లు ఆ జబ్బున్నవాళ్ల హిమోగ్లోబిన్ (ఎర్ర కణాల్లో ప్రాణవాయువును మోసే ప్రొటీన్) కరెంటు పెట్టినప్పుడు మామూలు హిమోగ్లోబిన్‌తో పాటు కదలదని చూపించారు. ఆ పద్ధతి పేరు ఎలక్ట్రోఫోరెసిస్. 1955లో హారిస్, వారెన్ అనే ఇద్దరు దాదాపు అదే పద్ధతిలో నెమరువేసే జంతువుల రక్తం చూస్తే, గొర్రెల్లో రెండు వేర్వేరు హిమోగ్లోబిన్లు కనబడ్డాయి. వాటికే 'ఏ', 'బీ' అని పేర్లు పెట్టారు. మరుసటి ఏడాది అవి తల్లిదండ్రుల నుంచి ఎలా దిగివస్తాయో కూడా తేలిపోయింది.

ల్యాబ్‌లో జరిగేది ఇది. మెడ సిర నుంచి తీసిన రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో పట్టి, ఎర్ర కణాల్ని ఉప్పు నీళ్లతో రెండు మూడు సార్లు కడిగి, మంచి నీళ్లు పోసి పగలగొడతారు. ఆ ఎర్రని ద్రవం ఒక్క చుక్కను జెల్‌లో చిన్న గంటులో పోసి కరెంటు ఇస్తారు. నాకు ఆ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘడియ అదే. మిగతా ప్రొటీన్లు కనబడాలంటే రంగు వెయ్యాలి. హిమోగ్లోబిన్‌కి అక్కర్లేదు, దాని ఎరుపే దానికి గుర్తు. చూస్తూ ఉండగానే ఎర్ర చార ముందుకు జరుగుతుంది. 'ఏ' ముందు నడుస్తుంది, 'బీ' వెనకబడుతుంది. ఒక్క గీతే వచ్చి ముందుంటే 'ఏఏ', వెనకుంటే 'బీబీ'. రెండు గీతలు వస్తే 'ఏబీ', అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఏదీ మరోదాన్ని కప్పెయ్యదు. అందుకే లెక్క తేలిక.

సికిల్ సెల్‌కీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. 'ఎస్ఎస్' అంటే జబ్బు. గొర్రెలో 'బీబీ' జబ్బు కాదు. 'ఏఏ' అయినా 'బీబీ' అయినా జీవం ఆరోగ్యంగానే పుట్టి పెరుగుతుంది. మన దేశపు గొర్రెల్లో పరీక్షించిన జాతుల్లో చాలావాటిలో 'బీ'యే ఎక్కువ. అందుకే 'ఏ' దొరికితే అదేదో అపురూపమన్నట్టు అమ్మేవాళ్లు చెబుతారు. తక్కువగా దొరకడం ఒకటి, మేలైనది కావడం మరొకటి.

'సీ' అనే మూడోదాని సంగతి

పొట్టేలు అమ్మేవాడు చెప్పే "నట్టలు పట్టవట" అన్న మాటకి మూలం ఇక్కడుంది. కాస్త నిదానంగా చదవండి.

'ఏ' ఉన్న గొర్రెకి రక్తం బాగా పోయినప్పుడు, గాయం వల్ల కానీ నట్టలు తాగెయ్యడం వల్ల కానీ, దాని ఎముక మూలుగ 'ఏ'ని తయారుచెయ్యడం తగ్గించి 'సీ' అనే మరో హిమోగ్లోబిన్‌ని తయారుచేస్తుంది. ఈ 'సీ' ప్రాణవాయువును 'ఏ' అంత గట్టిగా పట్టుకోదు, కండకి తొందరగా వదిలేస్తుంది. రక్తం తక్కువైనప్పుడు ఉన్నదాంతోనే పని జరిపించుకునే ఉపాయమిది. 'బీబీ' గొర్రెకి ఈ ఉపాయం లేదు. 'బీ'ని మోసే జన్యువుల వరుసలో 'సీ'ని చేసే జన్యువే లేదు, ఆ ముక్క ఎప్పుడో ఊడిపోయింది. 'ఏబీ'లో 'ఏ' భాగం 'సీ'గా మారుతుంది, 'బీ' అలాగే ఉంటుంది.

ఇది ఖాయమైన సంగతి, ఇందులో వాదం లేదు. వాదమంతా దీని తర్వాత. 'సీ' చెయ్యగలిగినంత మాత్రాన ఆ గొర్రె నట్టలకి తట్టుకుంటుందా? 1976లో కెన్యాలో మెరినో గొర్రెల మీద చేసిన పరిశీలనలో 'ఏఏ' జీవాలు మేలుగా నిలబడ్డాయి. స్కాట్లండ్‌లోనూ అలాంటి ఫలితమే వచ్చింది. మరికొన్ని చోట్ల, మరికొన్ని జాతుల్లో అదే వెతికితే తేడా కనబడలేదు. ఒక జాతిలో కనబడిన సంబంధం ఇంకో జాతిలో మాయమైతే, ఆ ప్రొటీనే కాపాడిందా, దాని పక్కనున్న వేరే జన్యువేదైనా కాపాడిందా అని అనుమానించాలి. మన గంజాం గొర్రె మెరినో కాదు. కెన్యా ఫలితం చూపించి పర్లాకిమిడిలో ధర పెంచడం నాకు న్యాయంగా అనిపించదు.

మేకను చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. రక్తహీనత వస్తే 'సీ'కి మారడం మేకలకి మామూలే. వాటి జన్యువుల వరుసలో ఆ ముక్క ఊడిపోలేదు. అయినా నట్టలకి మేక గొర్రె కంటే బలంగా ఉంటుందా? మందలున్న ఎవర్నడిగినా తల అడ్డంగా ఊపుతారు. నేల మీద గడ్డి మేపితే నట్టల దెబ్బ మేకకే ఎక్కువ. తరతరాలుగా కొమ్మలకి ఎగబాకి ఆకు తిన్న జంతువు అది, నేలనున్న పురుగుతో పోరాడే శక్తి దానికి అంతగా అలవడలేదు. 'సీ' ఒక్కటే రక్ష అయితే మేకకి ఈ బాధే ఉండకూడదు. అందుకని మేకపోతుని కొనేవాళ్లు హిమోగ్లోబిన్ రకం అడగాల్సిన పనే లేదు. గంజాం మేక తరతరాలుగా మన గొల్లల చేతుల్లోనే పెరిగింది. దాన్ని ఎంచడానికి వాళ్లకున్న కొలతలు, పొడవాటి కాళ్లు, నడక, ఎండకి ఆగడం, ఇవాళ్టికీ అక్కరకొస్తున్నాయి.

ఇంకో ప్రచారం కూడా ఉంది: 'ఏ' ప్రాణవాయువును గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి కొండ మీద మేసే మందలకి మంచిదని. 'ఏ' గట్టిగా పట్టుకోవడం నిజం. బ్రిటన్‌లో కొండ జాతుల్లో 'ఏ' ఎక్కువగా కనబడటమూ నిజం. కానీ మన మహేంద్రగిరి 1501 మీటర్లు. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి 1672 మీటర్లు. ఆ ఎత్తులో గొర్రెకి గాలి చాలకపోవడమంటూ ఉండదు. మన కొండల్లో జీవాల్ని చంపేది వాన, నట్ట, చలిలో తడిసిన దొడ్డి.

ట్రాన్స్‌ఫెరిన్: తండ్రెవరో తేల్చడానికి

రక్తంలో ఇనుమును మోసుకెళ్లే ప్రొటీన్ ట్రాన్స్‌ఫెరిన్. గొర్రెల్లో ఇది చాలా రకాలుగా ఉంటుందని 1958లో యాష్టన్ చూపించాడు. గొర్రెల్లో పదికి పైగా రకాలు తెలుసు. మేకల్లో ముఖ్యంగా రెండే, 'ఏ', 'బీ'. హిమోగ్లోబిన్ అక్షరాలూ ట్రాన్స్‌ఫెరిన్ అక్షరాలూ ఒకేలా ఉన్నా వాటికీ వీటికీ సంబంధం లేదు. రెండూ ఒకే కాగితం మీద ఉంటే జాగ్రత్తగా చదవండి.

ఈ రకాల వల్ల ఈతలు పెరుగుతాయని, బరువు పెరుగుతుందని అప్పుడప్పుడూ వినిపిస్తుంది. ఒక చోట 'ఏ' మంచిదని, మరో చోట 'డీ' మంచిదని వస్తూనే ఉంటుంది. ఇలా ఒకదానితో ఒకటి పొసగని కబుర్లు నమ్మి జీవాన్ని కొనకండి. దీని అసలు ఉపయోగం తండ్రిని తేల్చడంలో ఉంది.

ఒక మందలో రెండు పొట్టేళ్లున్నాయనుకోండి. తల్లి గొర్రె ట్రాన్స్‌ఫెరిన్ 'ఏఏ'. పిల్ల 'ఏబీ'. పిల్లకి 'ఏ' తల్లి ఇచ్చింది, 'బీ' తండ్రి ఇవ్వాలి. మొదటి పొట్టేలు 'సీడీ', రెండోది 'బీసీ'. మొదటిదాని దగ్గర 'బీ'యే లేదు కాబట్టి అది తండ్రి కాదు, అనుమానానికి తావు లేదు. రెండోది తండ్రి కావచ్చు. 'కావచ్చు' అన్న మాటకి గీత గియ్యండి. పక్క మందలో 'బీ' ఉన్న పొట్టేలు కంచె దూకి వచ్చిందేమో, ఈ పరీక్షకి తెలీదు. ఇది ఎవరు కాదో చెబుతుంది, ఎవరో చెప్పదు. రకాలు ఎక్కువున్న గొర్రెల్లో చాలాసార్లు ఒకణ్ని తప్పించగలం. రెండే రకాలున్న మేకల్లో ఇద్దరు పోతులూ 'ఏబీ' అయితే పరీక్ష ఊరికే పోతుంది.

ఇప్పుడు డీఎన్ఏతో తండ్రిని తేల్చే పద్ధతులు వచ్చాక ఈ పని దాదాపు వాటికే వెళ్లిపోయింది. డీఎన్ఏ పరీక్షలో ఒకటి కాదు, పది పన్నెండు చోట్ల తేడాలు ఒకేసారి చూస్తారు. అందుకే అందులో తప్పించుకోవడం కష్టం. ఈ రోజు మంద వంశావళి రాసుకోవాలనుకునే సంఘానికి డీఎన్ఏ పరీక్షే సలహా ఇస్తాను. మీ దగ్గరి పశువైద్య కళాశాలలో ట్రాన్స్‌ఫెరిన్ పరీక్ష పరిశోధన కింద చేస్తుంటే, ఖర్చు లేకుండా చేసిపెడతామంటే, తప్పకుండా చేయించుకోండి. చేతి డబ్బు పెట్టి మాత్రం వద్దు.

తండ్రిని తేల్చడం ఎందుకంత ముఖ్యమో ఒక్క మాట. మన దగ్గర ఒకే పొట్టేలును ఐదారేళ్లు మందలో ఉంచేస్తాం. దాని కూతుళ్లకి పుట్టే పిల్లలకీ అదే తండ్రి అవుతుంది. పిల్లలు చిన్నగా పుట్టడం, బలహీనంగా ఉండి చచ్చిపోవడం దానివల్లే చాలాసార్లు. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. రెండేళ్లకోసారి నమ్మకమైన మందతో పొట్టేలు మార్చుకుంటే చాలు.

పొటాషియం రకం

కొన్ని కాగితాల మీద 'హెచ్‌కే', 'ఎల్‌కే' అని కూడా రాస్తారు. గొర్రె ఎర్ర కణంలో పొటాషియం ఎక్కువుందా తక్కువుందా అన్న లెక్క అది. తక్కువ రకం ఎక్కువ రకాన్ని కప్పేస్తుంది. శాస్త్రానికి ఎంతో ఉపయోగపడిన సంగతి. కొనేవాడికి దీనితో పనేమీ లేదు. ఇది చూసి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

రక్తంతోనే చేసే మరో పరీక్ష: కవలల జన్యువు

ప్రొటీన్ రకంతో కలిపి కొందరు దీన్నీ చెబుతున్నారు కాబట్టి వేరుచేసి చెప్పాలి. ఫెక్‌బీ అనే జన్యువు ఉన్న గొర్రె ఒక ఈతలో ఒకటి బదులు రెండు, ఒక్కోసారి మూడు పిల్లల్ని ఇస్తుంది. బెంగాల్ సుందర్బన్ వైపు గరోల్ గొర్రెల్లో ఇది పాతది. 1792, 1793లలో కలకత్తా నుంచి ఆస్ట్రేలియాకి వెళ్లిన గొర్రెల ద్వారానే అక్కడి బూరూలా మెరినోకి వచ్చింది. ఏ జన్యువులో మార్పో 2001లో తేలింది. ఒడిశాలోనే కేంద్రపడా గొర్రెల్లో ఇది ఉంది. మహారాష్ట్రలో ఫల్టన్‌లోని నింబ్‌కర్ సంస్థ దీన్ని దక్కనీ గొర్రెలోకి తెచ్చి నారీ సువర్ణ అనే రకం చేసింది.

హిమోగ్లోబిన్ రకంతో పోలిస్తే ఈ పరీక్ష చెప్పేది చాలా సూటిగా ఉంటుంది. జన్యువు ఉందా లేదా, ఉంటే తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చిందా, ఇద్దరి నుంచీ వచ్చిందా. ఫలితం ఈతలో కనబడుతుంది. కాబట్టి డబ్బు పెట్టాలనుకుంటే గొర్రెల వాళ్లకి నేను ముందు ఇదే చెబుతాను. కానీ ఇంటి దగ్గర మేత ఉండాలి. కవలలు ఈనిన తల్లికి రెండింటికీ పాలు చాలాలంటే పచ్చిమేతా దాణా పెట్టాలి. కోతలయ్యాక పొలాల్లో మందలు కట్టి, దొరికిన గడ్డితోనే నెట్టుకొచ్చే వాళ్లకి కవలలు రెండూ బతకవు. తల్లీ చిక్కిపోతుంది. నడిచే మందలకి ఒక్క గట్టి పిల్లే మేలు. ఇది గొర్రెల సంగతి. మేకపోతుకి ఫెక్‌బీ ఉందని ఎవరైనా అమ్మజూపితే వెనక్కి తిరిగి వచ్చెయ్యండి.

రెప్ప

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే పరీక్ష దగ్గరికి వస్తున్నాను. దీనికి ల్యాబ్ లేదు, కరెంటు లేదు.

మన వానల్లో జీవాల్ని ఎక్కువగా తినేసే నట్ట హీమాంకస్. నాలుగో పొట్టలో అతుక్కుని రక్తం తాగుతుంది. తాగిన రక్తంతో ఎర్రగా ఉన్న ఆడ నట్ట పేగు చుట్టూ తెల్లని గర్భసంచి మెలితిరిగి, ఎరుపూ తెలుపూ పురితాడులా కనబడుతుంది. ఒక్కోటి రోజుకి సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం తీసేస్తుంది. చిన్న లెక్కే అనిపిస్తుంది. వెయ్యి నట్టలుంటే రోజుకి 50 మిల్లీలీటర్లు. ఇరవై కిలోల పిల్లలో మొత్తం రక్తం లీటరున్నర లోపే. వారం పది రోజుల్లో ఏమవుతుందో మీరే ఊహించండి. ఒక్కో ఆడ నట్ట రోజుకి 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. తడి, వేడి కలిసిన నేలలో వారంలోగా అవి మళ్లీ గడ్డెక్కుతాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత వంశధార పొంగి మా వైపు పొలాలన్నీ నీళ్లలో నానాయి. నెల తిరక్కుండా మా మందలో దవడ కింద నీటి సంచీ (నట్టలు రక్తం తాగేస్తే వచ్చే వాపు) దిగిన గొర్రెలు ఆరు. అప్పటికి నా దగ్గర గొర్రెల హిమోగ్లోబిన్ రకాల కాగితాలున్నాయి. పాత పరిచయం కొద్దీ చేయించుకున్నవి. వాటిని ముందేసుకుని కూర్చున్నాను. పక్క ఊరి గొల్ల మావ వచ్చి చూసి ఒకటే మాటన్నాడు: "కాయితాలు తరవాత సూద్దుం గానీ, ముందు కన్ను తిప్పి సూడు బాబూ." ఆ రోజే రెప్పలన్నీ తిప్పాను. ఆరు అనుకున్నవి పదకొండని తేలింది. కాగితంలో 'ఏఏ' అని ఉన్నవాటిలో రెండు ఆ పదకొండులో ఉన్నాయి.

రెప్ప చూసే పద్ధతి ఇది. జీవాన్ని మోకాళ్ల మధ్య పట్టి, వెలుతురు ఉన్న వైపు తిప్పండి. బొటనవేలితో పై రెప్పను కనుగుడ్డు మీదకి మూసి, మెల్లగా లోపలికి నొక్కండి. రెండో చేత్తో కింది రెప్పను కిందికి లాగండి. లోపలి పొర ఉబికి బయటికి వస్తుంది. చూడాల్సింది ఆ పొర రంగు. ఎక్కువసేపు పట్టుకుంటే గాలి తగిలి ఎర్రబడుతుంది, కాబట్టి రెండు సెకన్లలో నిర్ణయించుకోవాలి. రెండు కళ్లూ చూసి, ఏది పాలిపోయి ఉంటే దాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

దక్షిణాఫ్రికాలో దీనికోసం ఒక రంగుల కార్డు తయారుచేశారు. ఫమాచా కార్డంటారు. అది కనిపెట్టిన ఫఫా మలాన్ అనే పశువైద్యుడి పేరులోంచే ఆ పేరు వచ్చింది. అందులో ఒకటి నుంచి ఐదు దాకా రంగులుంటాయి. ఒకటి మంచి ఎరుపు. ఐదు దాదాపు తెలుపు, అప్పటికి రక్తంలో ఎర్ర కణాల భాగం 12 శాతానికో ఇంకా కిందికో పడిపోయి ఉంటుంది. నాలుగు, ఐదు వస్తే నట్టల మందు వెంటనే. మూడైతే పెద్ద గొర్రెని రెండు వారాలు ఆగి చూడొచ్చు. పిల్లలకీ మేకలకీ చూడి జీవాలకీ ఆగొద్దు. కార్డు ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది, అందుకని గుడ్డలో చుట్టి దాచండి.

దీని లోటు కూడా చెప్పాలి. రెప్ప పాలిపోవడానికి హీమాంకస్ ఒక్కటే కారణం కాదు. వరి మళ్లల్లో నత్తలున్న చోట కార్జపు జలగ కూడా ఇదే చేస్తుంది. మేత చాలకపోయినా ఇదే. మరోవైపు కంటికి దుమ్ము పడినా, కన్ను పుండైనా రంగు ఎర్రగా ఉండి మోసం చేస్తుంది. అందుకే పొట్టేలు కొనేటప్పుడు రెప్పతో పాటు పెంటికలు కూడా. అరచేతిలో పట్టేన్ని పెంటికలు ప్లాస్టిక్ సంచిలో, నేల మీద పడినవి కాకుండా నేరుగా పట్టినవి, అదే రోజు పశువుల ఆసుపత్రికి ఇస్తే గ్రాముకి ఎన్ని గుడ్లో చూసి చెబుతారు. కార్జపు జలగ గుడ్లు కూడా చూడమని విడిగా అడగండి, ఆ పరీక్ష పద్ధతి వేరు.

రెప్ప గురించి నాకు నచ్చే ఇంకో సంగతి ఉంది. మందలో కొద్దిపాటి జీవాలే నట్టల్లో ఎక్కువభాగాన్ని మోస్తాయి. ప్రతి రెండు వారాలకీ వానకాలమంతా రెప్ప చూసి పుస్తకంలో రాస్తే ఆ జీవాలేవో పేరుపేరునా తెలిసిపోతాయి. ఏ తల్లి మందు అక్కర్లేకుండా నాలుగు నెలలు గడిపిందో కూడా తెలుస్తుంది. దాని కొడుకుని నేను విత్తనానికి ఉంచుకుంటాను. ఆ ఒక్క లెక్కలో 'సీ' హిమోగ్లోబిన్ ఉంటే దాని మేలూ, మనకి పేరు తెలియని ఇంకో పది జన్యువుల మేలూ అన్నీ కలిసే ఉంటాయి.

ఎవరికి ఏది

ఇంటి దగ్గర పది పదిహేను మేకలుంటే రక్తం రకం గురించి ఆలోచించనే వద్దు. రెప్ప, దవడ, పళ్లు, పోతు తల్లి పాలు. అంతే. మిగిలిన డబ్బుతో పీపీఆర్ (పారుడు రోగం), చిటుక రోగం టీకాలు వేళకి వేయించండి.

నడిచే మంద ఉన్న గొల్లలకి కూడా ఇదే నా మాట. వాళ్లకి వానకాలం లెక్కల పుస్తకం ఒక్కటి జోడిస్తాను. చదువు రాకపోతే చెవిపోగు మీద రంగు దారం కట్టండి. మందు వేసిన ప్రతిసారీ ఒక దారం. మూడు దారాలు పడిన గొర్రె కొడుకు విత్తనానికి పనికిరాదు.

నెల్లూరు జాతిలో జోడిపి రకం పొట్టేలుని తెచ్చి మన గంజాం గొర్రెల మీద వేద్దామనుకునే వాళ్లకి ఎక్కువ జాగ్రత్త కావాలి. నెల్లూరు పొట్టేలు ఎత్తు, బరువు ఇస్తుంది, నిజమే. కానీ అది పెరిగింది మనకంటే పొడి నేలల్లో. దాని రక్తం రకం ఏదైనా, మన తడిలో మొదటి వాన ఎలా గడుపుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. ఎండాకాలంలో కొని, వాన పడేలోగా ఇక్కడి మేతకి అలవాటు పడనివ్వండి.

పొదుపు సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు కలిసి నాలుగైదు విత్తనపు పొట్టేళ్లని ఊళ్ల మధ్య తిప్పాలనుకుంటే, అక్కడ మాత్రం హిమోగ్లోబిన్ రకం చూడటానికి నేను ఒప్పుకుంటాను. లెక్క ఇలా ఉంటుంది. మంద అంతా 'బీబీ' తల్లులనుకోండి. 'ఏఏ' పొట్టేలు వేస్తే పుట్టిన ప్రతి పిల్లా 'ఏబీ', అంటే ఒక్క తరంలోనే ప్రతి పిల్లకీ 'సీ' చెయ్యగల శక్తి సగమైనా వస్తుంది. 'ఏబీ' పొట్టేలు వేస్తే సగం పిల్లలకే. మిగతా అన్నిటిలో సమానమైన రెండు పొట్టేళ్లుండి, ఒకటి 'ఏఏ' అయితే దాన్నే ఎంచుకోండి, నష్టం లేదు. 'మిగతా అన్నిటిలో సమానమైన' అన్నది షరతు. 'బీబీ' అని తెలిసిన మంచి తల్లిని మాత్రం ఎవరూ అమ్మేయకండి. నా మందలో మూడేళ్లుగా రెప్ప రెండు దాటని గొర్రె ఒకటుంది. అది 'బీబీ'.

కాగితం చూపిస్తే అడగాల్సినవి

మూడేళ్ల కిందట ఒక వ్యాపారి దగ్గర 'ఏఏ' అన్న కాగితంతో పొట్టేలు కొన్నాను. తర్వాత పరీక్ష చేయిస్తే 'ఏబీ' వచ్చింది. తిరిగి చూస్తే కాగితం మీద చెవిపోగు నంబరే లేదు. ఏ జీవానికి చేసిన పరీక్షో ఎవరికి తెలుసు? అంత ల్యాబ్ అనుభవం ఉండి కూడా అది చూడకపోవడం నాకు ఇవాళ్టికీ బాధే. కాబట్టి ముందు చెవిపోగు నంబరు, కాగితం మీదా చెవికీ ఒకటే ఉందో లేదో. రెండు, నమూనా తీసినప్పుడు జీవం వయసెంత. పిల్లల రక్తంలో గర్భంలోనాటి హిమోగ్లోబిన్ ఇంకా మిగిలి ఉంటుంది, పుట్టిన కొద్ది వారాల్లో 'సీ' కూడా కాసేపు కనబడుతుంది. ఆరు నెలలు దాటాక తీసిన నమూనానే నమ్మండి. మూడు, అప్పుడు జీవం ఆరోగ్యంగా ఉందా. నట్టలతో పాలిపోయిన 'ఏ' గొర్రెలో 'ఏ' గీత సన్నబడి 'సీ' గీత లేస్తుంది, చదివేవాళ్లు తికమకపడతారు. నమూనా మీరే తీయిస్తుంటే ట్యూబు మీద పెన్సిలుతో నంబరు రాయించండి, ఐసు పక్కన పెట్టండి కానీ గడ్డకట్టనివ్వకండి.

ఇన్నీ చూసి కొన్న పొట్టేలునైనా ఆ సాయంత్రమే మందలో కలపొద్దు. వేరే గదిలో కట్టి, డాక్టరు బరువు చూసి చెప్పిన నట్టల మందు పోసి, మూడు రోజులు బయటి గడ్డి మీదకి వదలకుండా కోసిన మేతే పెట్టండి. అది తెచ్చిన నట్టల గుడ్లు మీ నేల మీద పడకూడదు. మందు పోసిన పద్నాలుగో రోజు పెంటికలు మళ్లీ పరీక్షకిస్తే ఆ మందు పనిచేసిందో లేదో తేలుతుంది. మూడు వారాలు నిండాక ఇంకోసారి రెప్ప తిప్పి చూసి, రంగు బాగుంటే అప్పుడు తలుపు తియ్యండి.